రెండు తురాయిలు ఒకే వీధిలో

సెయింట్ ఆస్వాల్డ్ దీవికి కొత్త గవర్నరు దొర వచ్చిన విమానం చిన్నది, ఆయన పెట్టుకోవలసిన టోపీ పెద్దది. తొమ్మిది మంది పట్టే ఆ విమానం తలుపులోంచి తెల్లటి హంస ఈకల తురాయితో సహా బయటికి రావడం ఎవరి తరమూ కాదు. అందుకని ఎయిర్ మార్షల్ సర్ ఆంబ్రోస్ పెన్‌హాలో ఒట్టి తలతో దిగి, రెక్క కింద నిలబడి, పెట్టె తెరిచి, టోపీ తీసి నెత్తిన పెట్టుకుని, అప్పుడు రొమ్ము విరిచి నిటారుగా నిలబడ్డాడు. నిలబడగానే తురాయి విమానం రెక్కకు గీసుకుని రెండు ఈకలు సముద్రం వైపు ఎగిరిపోయాయి. బ్యాండు వాళ్లు నవ్వు ఆపుకుంటూ బాకాలు ఊదారు. ఆ ఊదుడు ఎలా ఉండాలో అలాగే ఉంది.

కారు తలుపు పట్టుకుని నిలబడ్డ డ్రైవరు ఆల్ఫియస్ గ్రీన్‌వేకు మాత్రం నవ్వు రాలేదు. పాత గవర్నర్లు గుమాస్తా జాతి మనుషులు. గడ్డిటోపీ పెట్టుకుని తిరిగారు, తురాయి టోపీని రాణిగారి పుట్టినరోజుకు ఒక్కసారి బయటికి తీసి, దులిపి, చిమ్మటలు కొట్టకుండా మాత్రలు వేసి మళ్లీ పెట్టెలో పెట్టారు. ఈయన చూస్తే ఆ టోపీతోనే పుట్టినవాడిలా నడుస్తున్నాడు.

"ఒరేయ్ ఆల్ఫీ!" కంచె అవతల నుంచి అల్లం బీరు అమ్ముకునే మిస్ జెసమీ కేకేసింది. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు. "చూశావా? నీకు పోటీ దిగిందిరోయ్!"

"ఊరుకో తల్లీ! ఇంకా ఏప్రిల్. క్రిస్మస్ లోపు ఎవరో ఒకరు ఆయనకు చెప్పకపోతారా?" అన్నాడు ఆల్ఫియస్ పెదవి కదపకుండా.

సెయింట్ ఆస్వాల్డ్ దీవిలో ఎవరో ఒకరి మీద వదిలేసిన పని ఇంతవరకు జరిగిన దాఖలా లేదు. ఆ సంగతి ఆల్ఫియస్‌కూ తెలుసు.

ఆల్ఫియస్ ఏడాదిలో యాభై ఒక్క వారాలు గవర్నరు కారు తోలేవాడు. మిగిలిన ఒక్క వారం, అంటే క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం రోజు పొద్దుగుంకే దాకా, దీవికి అతనే రాజు. వేషాల మేళానికి నాయకుడు. నెత్తిన మూరెడు ఎత్తు నెమలి ఈకల టోపీ, ముఖానికి రంగువేసిన తీగజల్లెడ ముసుగు, ఒంటి నిండా రిబ్బన్లు, అద్దంబిళ్లలు, కాళ్లకు చిరుగంటలు, చేతిలో కొరడా. వెనక పద్దెనిమిది మంది వేషగాళ్లు, రెండు డోళ్లు, టోబయస్ తాత పిల్లనగ్రోవి. తండ్రి తర్వాత ఆ టోపీ పెట్టి ఇరవై తొమ్మిదేళ్లు. ముసుగు వేసినవాడు నోరు విప్పకూడదు, అది ఒక కట్టుబాటు. రెండోది ఇంకా గట్టిది. ఆ వారంలో రెండు తురాయిలు ఒకే వీధిలో ఎదురుపడితే పక్కకు తప్పుకోవడం లేదు. ఆడాలి. ముందు ఆగినవాడు టోపీ తీసి చంకలో పెట్టుకుని, గెలిచినవాడి మేళానికి తోకలో నడవాలి. తీసిన టోపీని మళ్లీ పెట్టాలంటే మళ్లీ గెలవాలి, అంతే. వెనకటికి ఉత్తరపు ఊళ్లలో ఇంకా నాలుగు మేళాలుండేవి. వాటి నాయకులందరూ ఆల్ఫియస్ తండ్రికీ, ఆల్ఫియస్‌కూ టోపీలు దించినవాళ్లే. ఇప్పుడు దీవి మొత్తానికి మిగిలిన తురాయి ఒక్కటే అనుకుని అతను నిశ్చింతగా ఉన్నాడు, ఈ విమానం దిగే దాకా.

సర్ ఆంబ్రోస్ మంచి మాటకారి. కారు ఎక్కితే చాలు, తన ఉద్యోగ చరిత్ర మొదలుపెట్టేవాడు. గవర్నరు బంగళా నుంచి రేవు దాకా పదకొండు మలుపులు. మలుపుకో అధ్యాయం. కార్న్‌వాల్‌లో చర్చి ఆర్గాన్ వాయించేవాడి కొడుకు, కొండ అంచున పడుకుని సముద్రపు కాకుల్ని చూస్తూ పెరిగాడు. పంతొమ్మిదో ఏట మొదటిసారి ఒంటరిగా ఎగిరి, దిగాక ఆనందం పట్టలేక గడ్డి మీద పొర్లాడు. తర్వాత వైమానిక దళం కొలువులో మలయా, ఏడెన్. తర్వాత పేరు తెచ్చిన పని ఒకటి దొరికింది. విమానం అదుపు తప్పి గిరికీలు కొడుతూ పడిపోతుంటే దాన్ని మళ్లీ ఎలా నిలబెట్టాలో కుర్రపైలట్లకు నేర్పే గురువు అయ్యాడు. రోజుకు పాతికసార్లు కావాలని పడిపోవడం, పాతికసార్లు పైకి లేవడం.

"ఆ నాలుగేళ్లే బతికాను, గ్రీన్‌వే," అనేవాడు వెనక సీట్లోంచి. "తర్వాత పదోన్నతి ఇచ్చారు."

"సంతోషం కదండీ దొరగారూ."

"ఏం సంతోషం? ఒక్కో పట్టీ భుజానికెక్కినప్పుడల్లా ఒక్కో విమానం నా కిందనుంచి లాగేశారు. ఆఖరికి కుర్చీ ఒక్కటే మిగిలింది. దానికి చక్రాలు కూడా ఉన్నాయి, చూసుకో, ఎగతాళికి."

ఆల్ఫియస్ ఈ చరిత్రనంతా సాయంత్రం రమ్ము కొట్టులో మళ్లీ చెప్పేవాడు, అమ్మకానికి పెట్టిన కూరగాయల్లా కాస్త నీళ్లు చల్లి. అతని నోట పాతిక గిరికీలు రెండు వందలయ్యాయి. ఏడెన్‌లో పేలిన చక్రం కాస్తా ఊడిపోయిన రెక్క అయింది. జూలై వచ్చేసరికి సర్ ఆంబ్రోస్ మోటారు ఆగిన విమానంలో గొడుగు విప్పుకుని ఎడారి దాటాడని దీవి మొత్తం నమ్మింది.

ఒక్క మాట మాత్రం ఆల్ఫియస్ కొట్టులో చెప్పలేదు. ఆరో మలుపు దగ్గర ఒకరోజు దొర ఉన్నట్టుండి గొంతు తగ్గించి అన్నాడు. "వింగ్ కమాండర్ని అయిన రోజు నుంచి నేను టేబుల్ టెన్నిస్‌లో ఓడిపోలేదు, గ్రీన్‌వే. నా ఆట మాత్రం అంతకు ముందు ఎంత చెత్తగా ఉండేదో ఇప్పటికీ అంతే." అద్దంలో చూస్తే దొర కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆల్ఫియస్‌కు పాపం అనిపించింది.

దీవిలోనూ అంతే మరి. కార్యదర్శి హాడ్జ్ బార్బడోస్ నుంచి వచ్చిన పెద్దమనిషి. డొమినోల ఆటలో చేతిలో గెలిచే ముక్క పెట్టుకుని కూడా "అయ్యో, నా దగ్గర లేదండీ" అనేవాడు. పడవల పోటీలో దొర పడవ ముందుకొస్తే మిగతా జాలరులందరికీ ఒకేసారి తెరచాప తాళ్లు చిక్కుపడేవి. ఈయన మొహమాటం లేకుండా తలపడగలిగింది విమానాల బాటలో మేకలతోనే. నలభై విమానాశ్రయాలు ఏలినవాడికి ఇప్పుడు ఒక్కటి, అదీ గవ్వపిండి పరిచినది. పొద్దున ఆరింటికి దొర చొక్కా చేతులు మడిచి మేకల వెంట పరుగు. మేకలు ఆయనకు ఒక్కరోజు కూడా గెలుపు ఇవ్వలేదు. అందుకే ఆయన అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతూ ఉండేది. ఒళ్లు కూడా గట్టిపడింది. అది ఆల్ఫియస్ గమనించి ఉండాల్సింది.

డిసెంబరు రానే వచ్చింది. గవర్నరు బంగళాలో వంట ఆల్ఫియస్ భార్య ఇవాడ్నీది. ఎర్ర గోంగూర కాయలు ఎండబెట్టి పానకం కాస్తూ ఆమె అడిగింది.

"దొరగారు కొత్త సంవత్సరం రోజు చర్చికి తురాయితోనే పోతారంట. బట్టలు ఇస్త్రీకి వచ్చాయి. చెప్పావా?"

"హాడ్జ్ చెప్పి ఉంటాడులే."

"హాడ్జ్‌కేం తెలుసు, ఆయనది వేరే దీవి. నువ్వు చెప్పు."

"నేనెట్టా చెప్తానే? మేళనాయకుడే ఎదటి తురాయి దగ్గర నోరు తెరిచి, అయ్యా నా దారికి రావద్దు అంటే ఏమనుకుంటారు? ఆల్ఫీకి కాళ్లు వణికాయి అనరూ?"

"సరే, నేను చెప్తా."

"నువ్వు చెబితే నేను చెప్పించినట్టు."

"పోనీ జెసమీ చేత..."

"జెసమీ చేత అయితే దండోరా వేయించినట్టు."

ఇవాడ్నీ గరిటె పెట్టి అతని వైపు చూసింది. "మీ వంశంలో మగాళ్లకు అందరికీ ఇంతేనా, నువ్వు ఒక్కడివేనా?" అంది.

ఆల్ఫియస్ వేరే ఉపాయం వేసుకున్నాడు. దొర చర్చి నుంచి కారులో రేవు దారిన బంగళాకు వస్తాడు. మేళం చర్చి వీధిన పైకి పోతుంది. దారులే కలవవు. అరవై మూడేళ్ల మోకాలికి ఈ ఉపాయం మహా నచ్చింది. తండ్రి టోపీ తన తల మీంచి పరాయివాడి ముందు దిగడమన్న ఆలోచన వస్తే అతనికి అన్నం సయించేది కాదు. ఇంకో రెండేళ్లు లాగించి, దించకుండానే గూట్లో పెట్టెయ్యాలని అతని కోరిక. అంతకంటే ఈ లోకంలో అతనికి కావలసింది ఏమీ లేదు.

కొత్త సంవత్సరం రోజు ఉదయం పది గంటలకు సర్ ఆంబ్రోస్ తెల్లటి దుస్తుల్లో, నడుముకు కత్తితో చర్చి మెట్లు దిగి, టోపీ పెట్టుకుని కారు వైపు చూశాడు. ఆల్ఫియస్ సెలవులో ఉన్నాడు కదా, అలవాటు లేని బదిలీ డ్రైవరు ఇంజన్ను మూడుసార్లు ఆర్పేసి నాలుగోసారి తాళం చెవి వంచేశాడు. పదకొండింటికి బంగళాలో విందు. దొరకు ఆలస్యం అంటే తగని చిరాకు.

"నడుద్దాం, హాడ్జ్. చర్చి వీధి దగ్గరి దారి," అన్నాడు.

వీధి మొదట్లోనే డోలు వినిపించింది. రెండు నిమిషాల్లో రొట్టెల కొట్టు మూల తిరిగి నెమలి ఈకలు వచ్చాయి. ఇటు నుంచి హంస ఈకలు వెళ్లాయి. టోబయస్ తాత పిల్లనగ్రోవి ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. డోళ్లు ఆగాయి. వీధి వీధంతా ఒక్కసారిగా హోరెత్తింది. అరుగుల మీంచి, కిటికీల్లోంచి, కొబ్బరిచెట్ల మీంచి కూడా జనం.

"ఎదురుపడ్డాయిరోయ్! తురాయిలు ఎదురుపడ్డాయ్!"

ముసుగులో ఆల్ఫియస్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. సరిగ్గా ఏ ముఖం చూడకూడదనుకున్నాడో ఆ ముఖం పది అడుగుల దూరంలో, ఎండకు ఎర్రబడి, మర్యాదగా నవ్వుతోంది.

"దారి ఇవ్వండి," అన్నాడు హాడ్జ్.

"దారి ఎట్టా ఇస్తాడయ్యా?" మిస్ జెసమీ అల్లం బీరు బల్ల వదిలేసి నడివీధికి వచ్చేసింది. ఈ క్షణం కోసమే ఆమె తొమ్మిది నెలలు నిద్ర లేచింది. "దొరగారూ, వినండి. రెండు తురాయిలు కలిస్తే ఆడాలి. ఎవరు ముందు ఆగితే వాళ్లు టోపీ తీసి ఎనక నడవాలి. మీకు ఆడటం రాదంటే ఏం పర్లేదు, ఇప్పుడే తీసెయ్యండి, పట్టుకోడానికి నేనున్నాను."

"ఈ టోపీ దేవుడికీ రాణిగారికీ తప్ప ఎవరికీ తియ్యనమ్మా," అన్నాడు దొర.

"అయితే ఇంకేం! ఎగరండి!"

హాడ్జ్ పాలిపోయాడు. సర్ ఆంబ్రోస్ కత్తి విప్పి అతని చేతిలో పెట్టాడు.

ఆటలో అయిదు అంకాలు. మొదటిది మడమ-వేలు, అది చిన్నపిల్లలకు కూడా వస్తుంది. దొర దాన్ని కవాతు చేశాడు. నిప్పుల మీద నడుస్తున్న కొంగలా ఉందని ఎవరో అన్నారు, అది నిజమే. రెండో అంకంలో తన కాలు తానే తొక్కుకున్నాడు. వీధి నవ్వి నవ్వి గోడలకు ఆనుకుంది. ఆల్ఫియస్ తలుచుకుంటే అప్పుడే ముగించేవాడు. కానీ ఎలా? రేపు పొద్దున ఆ కారు తలుపు పట్టుకోవాలి. నడివీధిలో ఇంతమంది ముందు పెద్దమనిషి చేత టోపీ తీయించి తోకలో నడిపించడానికి అతనికి మనసొప్పలేదు. ఓడిపోలేడు, గెలవలేడు. అందుకని అడుగు తగ్గించాడు, దొరకు అలుపు తీరేలా అక్కడక్కడా ఉన్నచోటే అడుగు వేస్తూ రిబ్బన్లు ఊపాడు.

"ఏందిరా ఆల్ఫీ, ఆడుతున్నావా, కారు తోలుతున్నావా?" జెసమీ అరిచింది.

దొర ఠక్కున తలెత్తాడు. ముసుగు వంక, ఆ భుజాల వంక చూశాడు. తొమ్మిది నెలలుగా వెనక సీట్లోంచి చూసిన భుజాలు అవి.

"గ్రీన్‌వే!" అన్నాడు మెల్లగా. ముఖం కందిపోయింది. సిగ్గు కాదు, కోపం. "నువ్వు కూడానా? నువ్వు కూడా నన్ను గెలిపిస్తావా?"

ఆ మాట ముసుగు దాటి సూటిగా తగిలింది. ఆల్ఫియస్ నిలువెల్లా సిగ్గుపడ్డాడు. కొరడా ఝళిపించి డోళ్ల వైపు తిరిగి, జోరు పెంచమని చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత జరిగింది ఆట. మూడో అంకంలో ఆల్ఫియస్ మోకాలి సంగతి మర్చిపోయి గంటలు మోగించాడు. నాలుగో అంకంలో దొర కొంగతనం వదిలి, చెమట కారుతూ, కాలర్ గుండీ తెంపుకుని, ఎలాగోలా డోలు వెంట పడ్డాడు. జనానికి ఆయన మీద నవ్వుతో పాటు ముద్దు కూడా మొదలైంది. అయిదో అంకం గిరికీలు. ఉన్నచోటే బొంగరంలా తిరగడం, తిరుగుతూనే ఉండటం, పిల్లనగ్రోవి ఊపిరి ఎంతుంటే అంత.

ఇక్కడే దీవి మొత్తం నోరు వెళ్లబెట్టింది. మడమ-వేలు రాని మనిషి గిరికీ కొట్టడం మొదలుపెట్టాక ఇంక వేరే మనిషి. ప్రతి చుట్టుకూ తల ఒక్క క్షణం నిలిపి చర్చి గడియారాన్ని చూసి, చటుక్కున తిప్పి, మళ్లీ గడియారాన్ని పట్టుకుంటున్నాడు. రోజుకు పాతికసార్లు ఆకాశంలోంచి గిరికీలు కొడుతూ పడ్డవాడికి చర్చి వీధి ఒక లెక్కా! ముఖంలో పంతొమ్మిదేళ్ల కుర్రాడి నవ్వు. ఆల్ఫియస్‌కు ముసుగు కన్నాల్లోంచి గడియారమూ కనిపించదు, చర్చీ కనిపించదు. ఇవాడ్నీ ముఖం, అల్లం బీరు సీసాలు, ఆకాశం, డోలు, మళ్లీ ఇవాడ్నీ అన్నీ కలిసి ఒకటే రంగు అయిపోయాయి. అయినా భలేగా ఉంది. ఉత్తరపు మేళాలు పోయాక ఇన్నేళ్లలో తనతో ఇట్లా తిరిగినవాడు లేడు.

వారం రోజులుగా ఆడుతున్న మోకాలు అప్పుడు మెలిపడింది. పడ్డంత పనైంది. సరిగ్గా ఆ క్షణంలో సర్ ఆంబ్రోస్ ఆగిపోయాడు. ఆగి, రెండు చేతులతో తురాయి టోపీ ఎత్తి తీసి, చంకలో పెట్టుకున్నాడు.

వీధి బద్దలైంది. టోబయస్ తాత పిల్లనగ్రోవిని ముద్దు పెట్టుకున్నాడు. ఎవరో ఇవాడ్నీని ఎత్తి తిప్పారు. గవర్నరు తల వంచి మేళానికి తోకలోకి వెళ్లి నిలబడ్డాడు. హాడ్జ్ ఏం చెయ్యాలో తెలియక కత్తి పట్టుకుని ఆయన వెనక నిలబడ్డాడు. ఆల్ఫియస్ గెలిచాడు. తండ్రి టోపీ నెత్తిన భద్రంగా ఉంది.

అతను మేళాన్ని నడిపించుకుంటూ రొట్టెల కొట్టు దాటాడు, మందుల కొట్టు దాటాడు. జనం పూలు విసురుతున్నారు. కానీ ముసుగులో ఒళ్లు మండిపోతోంది. లోకం గిర్రున తిరుగుతున్నా అతను చూశాడు. దొర కాళ్లు తడబడలేదు. కళ్లు చెదరలేదు. గోడకు కొట్టిన మేకులా నిలబడి టోపీ తీశాడు. నాలుగో అంకం చివర దొర ఆడుతూనే జెసమీ చెవిలో ఏదో అడగడం కూడా చూశాడు. ఏమడిగి ఉంటాడు? ఈ టోపీ పోతే వీడికి ఏమవుతుందని అడిగి ఉంటాడు. జెసమీ ఉన్నదంతా చెప్పి ఉంటుంది, లేనిది కలిపి. తొమ్మిది నెలలు వెనక సీట్లో కూర్చుని ఏడ్చిన ఏడుపేమిటి, ఇప్పుడు ఈయన చేసిన పనేమిటి? ఇరవై తొమ్మిదేళ్లలో తనకు ఒక్కడు కూడా గెలుపును దానం చెయ్యలేదు.

నూరు గజాలు నడిచాక ఆల్ఫియస్ వల్ల కాలేదు. మేళాన్ని ఆపాడు. వరుస పొడుగునా వెనక్కి నడిచి, గవర్నరు ఎదుట నిలబడ్డాడు. మాట్లాడకూడదు కదా. ఆయన చంకలోంచి టోపీ లాగి, విరిగిన ఈక ఒకటి పీకి పారేసి, రెండు చేతులతో ఆయన నెత్తిన పెట్టి, పైనుంచి గట్టిగా ఒకటి అదిమాడు. చాలా గట్టిగా. తర్వాత కొరడా ఎత్తి డోళ్లకు సైగ చేశాడు.

అరుగుల మీది జనం ముందుకు వంగారు.

"నీకు తెలిసిపోయిందా?" అన్నాడు దొర.

ముసుగు కిందికీ పైకీ ఊగింది.

"నా తప్పే. క్షమించు." ఆయన టోపీ సర్దుకున్నాడు. "ఈసారి నిన్ను వదిలిపెట్టను, గ్రీన్‌వే."

ముసుగు మళ్లీ ఊగింది.

ఈసారి అంకాలేమీ లేవు, నేరుగా గిరికీలే. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కేకెయ్యలేదు కూడా. టోబయస్ తాత బుగ్గలు ఉబ్బించి, కళ్లు మూసుకుని ఊదాడు. నెమలి ఈకలు పచ్చటి చుట్టు, హంస ఈకలు తెల్లటి చుట్టు. ఇరవై చుట్లు జెసమీ వేళ్ల మీద లెక్కపెట్టింది, తర్వాత వేళ్లు మర్చిపోయింది. ఆల్ఫియస్ తనకున్నదంతా పెట్టాడు. ఒంట్లో ఉన్న ఆటంతా, తండ్రి నేర్పిందీ, నేర్పకుండా దాచుకుంటే తాను దొంగచాటుగా చూసి పట్టుకున్నదీ పెట్టాడు. సర్ ఆంబ్రోస్ కూడా ఏదీ దాచుకోలేదు. ఆఖరికి మోకాలు తన పని తాను చేసింది. ఆల్ఫియస్ గ్రీన్‌వే రిబ్బన్లతో, అద్దంబిళ్లలతో, చిరుగంటలతో సహా నడివీధిలో చతికిలబడ్డాడు. దొర ఇంకో రెండు చుట్లు తిరిగి గానీ ఆగలేదు. ఎదటివాడు పడ్డాడని ఆయనకు తెలియనే లేదు.

ఆల్ఫియస్ కూర్చున్నచోటే టోపీ తీశాడు. ఓడినవాడికి ముసుగుతో పనిలేదు కాబట్టి అదీ తీశాడు. తడిసి ముద్దయిన ముఖం బయటపడింది. ఇవాడ్నీ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తాడేమోనని.

"ఇప్పుడు ఆడారు దొరగారూ," అన్నాడు రొప్పుతూ. "ఇదీ ఆటంటే."

సర్ ఆంబ్రోస్ చెయ్యి ఇచ్చి లేపాడు. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ముందు నడవండి. పొద్దుగుంకే దాకా ముప్పై గడపలు. ప్రతి గడపలోనూ ఆడాలి, ప్రతి గడపలోనూ పెట్టింది తినాలి."

"పదకొండింటికి నా విందు ఉందే!"

"అది కూడా ఒక గడపేనండీ. ఎన్నోదో మేళనాయకుడి ఇష్టం."

దొర ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆఖరిది," అన్నాడు. హాడ్జ్ రొట్టెల కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయాడు.

డోళ్లు అందుకున్నాయి. హంస తురాయి ముందు, మేళం వెనక. ఆల్ఫియస్ నెమలి టోపీ చంకలో పెట్టుకుని తోకలోకి కుంటుకుంటూ వెళ్లాడు. తల ఎత్తడానికి ధైర్యం చాలలేదు. ఇవాడ్నీ వచ్చి పక్కన నడిచింది. ఓ పది అడుగులు తన కాళ్ల వంకే చూసుకుంటూ నడిచి, అప్పుడు తలెత్తాడు.

అతని ముందు మేళం ఆడుతోంది. పద్దెనిమిది వీపులు, పద్దెనిమిది వీపుల మీద రిబ్బన్లు ఒక్కసారే కుడికి, ఒక్కసారే ఎడమకి. అద్దంబిళ్లల మీంచి ఎండ గోడల మీద చిల్లర విసురుతోంది. వరుస వంపు తిరిగితే నీళ్లు వంపు తిరిగినట్టే ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు ముందు నడిచినవాడు ఇది ఎన్నడూ చూడలేదు. డోలు విన్నాడు, వెనక అడుగులు విన్నాడు, ఎవడైనా తప్పితే వీపుతోనే కనిపెట్టాడు, కానీ చూడలేదు. వీళ్లకు నేర్పింది తనే. ఇంత బాగుంటుందని తనకే తెలియదు.

"ఇవాడ్నీ," అన్నాడు. "ఇట్టా ఉంటుందేమే ఇది?"

"ఏటేటా ఇట్టాగే ఉంటుంది," అంది ఆమె. "నీకెవరు చెప్తారు, నువ్వు ఎప్పుడూ ముందే ఉంటివి."

అతను నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నవ్వు ఆగలేదు, కుంటుతూనే అడుగులు పడ్డాయి. అటు ముందు మిస్ జెసమీ గడప దగ్గర తెల్ల తురాయి మళ్లీ కొంగలా ఎగురుతూ వరుసను ఎటు తిప్పాలో తెలియక మేకల దొడ్డి వైపు నడిపించేస్తోంది. ఇప్పుడు ముసుగు లేదు కదా, ఆల్ఫియస్ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ఒంట్లో మిగిలిన ఊపిరంతా పెట్టి కేకేశాడు.

"ఎడమకాలు, దొరగారూ! ఎడమకాలు! అయ్యో, అది కుడి!"